ఇరవై రెండు నిమిషాల గాలి

మీట నొక్కింది. ఈ గంటలో ఆమె చెయ్యవలసిన పని అక్కడితో అయిపోయింది. ఇక తెర వెలగాలి, తెర మీద మాస్టారు వెలగాలి, ఎనభై మంది పిల్లలు వినాలి, ఆమె మాత్రం బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని బొమ్మలా కూర్చోవాలి. అన్నిటికన్నా వెనక వరసలో, మోకాలి మీద ఫారం, చేతిలో పెన్ను పెట్టుకుని విభాగాధిపతి కూర్చున్నాడు. ఆయనకు ఆమె మనసులో పెట్టుకున్న పేరు కత్తెరాయన. పైకి అనదు, పైకి అంటే పైకి రానివ్వరు. అయినా చెడ్డవాడు కాడు. పోయిన వారం గదికి పిలిచి, కుర్చీ చూపించి, నవ్వుతూనే చెప్పాడు. రికార్డు చేసిన పాఠం ఎవరూ వేలు పెట్టకుండా మొదటి నుంచి చివరిదాకా దానంతటది నడిస్తే ఈ కోర్సు ఎనిమిది శాఖలకూ వెళుతుంది, దాన్ని చూసుకునే పర్యవేక్షకురాలిగా ఆమెకు మూడేళ్ల ఉద్యోగపు కాగితం వస్తుంది. మధ్యలో ఎవరైనా ఆపవలసి వస్తే నడవనట్టే లెక్క. అప్పుడు ఆమె ఏడాది కాగితం రెండు నెలల్లో దానంతటదే ముగుస్తుంది. అన్నీ దానంతటవే జరగడం ఆయనకు ఇష్టం. కాగితం ముగిస్తే వీసా ముగుస్తుంది. వీసా చూడటానికి వీసమెత్తు ఉండదు, గుండె మీద పెట్టి చూడండి, వీశెల లెక్కన తూగుతుంది. పొద్దున ఇంటాయన బూట్ల తాడు కట్టుకుంటూ తలెత్తకుండానే మళ్లీ అదే మాట అన్నాడు, "ముట్టుకోకు. ఒక్క గంట చేతులు కట్టేసుకుని కూర్చో, నీకు పుణ్యముంటుంది." మూడేళ్లు. మూడేళ్లంటే పాప అదే బడి, అవే స్నేహాలు. మూడేళ్లంటే గోడకు మేకు కొట్టుకోవచ్చు. ఆరేళ్లుగా ఆ అద్దె ఇంట్లో ఒక్క మేకు కొట్టలేదు. ఫొటోలన్నీ నేల మీద గోడకు ఆనుకుని, ఏ క్షణాన దిగమంటారో అని తలుపు దగ్గరే నిలబడ్డ రైలు ప్రయాణికుల్లా ఉంటాయి.

మాస్టారు తెర మీదికి వచ్చారు. వచ్చారనడం కంటే ఊడిపడ్డారనాలి. పదకొండేళ్ల కిందటి మాస్టారు, మోచేతుల దగ్గర మెరుపెక్కిన ఆ బూడిదరంగు కోటుతో తలుపు దగ్గర కనిపించి, నడక అనేదే లేకుండా బోర్డు దగ్గర తేలారు. చాక్‌పీసు ఎడమ చేతిలో ఉంది, రెప్ప వేసేలోగా కుడి చేతిలో ఉంది. గారడీవాడైనా మధ్యలో ఒక రుమాలు కప్పుతాడు. ఈ రోజు మట్టి గురించి, అన్నారు. ఆ మాటకు ముందు ఆయన ఎప్పుడూ కిటికీ వైపు చూసి గొంతు సవరించుకునేవారు. ఇప్పుడు ఆ చూపు లేదు, ఆ సవరణ లేదు. అన్నీ సాఫ్ట్‌వేరే సవరించేసింది. రెండు సెకన్లకు మించి మాట వినపడకపోతే అక్కడ ఏమీ లేదని దానికి ఎవరో నేర్పారు. అది బుద్ధిగా నేర్చుకుంది. మాటకూ మాటకూ మధ్య ఉన్నదంతా కత్తిరించి, కత్తిరించిన చోట అతికించి, గంట పాఠాన్ని ముప్పై ఎనిమిది నిమిషాలు చేసి అప్పజెప్పింది. "ఇరవై రెండు నిమిషాల గాలి తీసేశాం" అని సమావేశంలో కత్తెరాయన సైకిలు షాపు వాడిలా చేతులు దులుపుకున్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఏడాది కాగితం మీద ఉన్నవాళ్లు నవ్వాల్సిన కొలత ప్రకారం. గాలి తీసేసిన సైకిలు ఎలా నడుస్తుందని ఒక్కరూ అడగలేదు.

పిల్లలను అనడానికి లేదు. వాళ్లు పుట్టేసరికే అన్నిటికీ వేగం పెంచే మీట ఉంది. ఆమె పాపకు తొమ్మిదేళ్లు, కథలైనా లెక్కలైనా ఒకటిన్నర రెట్లలోనే వింటుంది. ఒకనాడు స్నానానికి రమ్మని పిలుస్తుంటే, అమ్మా నువ్వు కూడా కొంచెం స్పీడు పెట్టుకుని మాట్లాడొచ్చుగా అంది. తను మాత్రం తక్కువ తిందా? వంట వీడియోల్లో ఉల్లిపాయలు వేగేదాకా ఆగకుండా ముందుకు తోసేస్తుంది, తరవాత తన బాణలిలో ఉల్లిపాయలు ఇంకా ఎందుకు వేగలేదని విసుక్కుంటుంది. ఉల్లిపాయకు వేగడమే గాని వేగం తెలియదు. మట్టికీ అంతే. మట్టి గురించి చెప్పడానికి మాస్టారికి మించినవాళ్లు లేరు, ఎందుకంటే ఆయనది కూడా బంకమట్టి స్వభావమే. బరువు పడిన వెంటనే మాట్లాడరు.

నాలుగో నిమిషం. తెర మీద మాస్టారు ఇసుక డబ్బా, బంకమట్టి డబ్బా పక్కపక్కన పెట్టి రెండింటి మీదా ఒకే బరువున్న ఇనప దిమ్మెలు పెట్టారు. ఆ దిమ్మెలు పెట్టాక ఆయన వెనక్కి జరిగి చేతులు వెనక కట్టుకుని, మీరే చూడండి అన్నట్టు కనుబొమలు ఎత్తేవారు. ఇప్పుడు దిమ్మె పడీ పడగానే తరవాతి మాట పడుతోంది. మొదటిసారి ఆ డబ్బాలు చూసినప్పుడు ఆమెకు ఇరవై మూడేళ్లు, వచ్చి పదిహేడు రోజులు. తరగతిలో అందరూ ఈ దేశం భాషలో గలగలమంటుంటే, ఆమె ప్రతి వాక్యాన్నీ తెలుగులో కట్టుకుని, విప్పి, మళ్లీ వాళ్ల భాషలో కట్టుకునేసరికి చర్చ రెండు వీధులు దాటిపోయేది. చదువులో బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల ఇక్కడికి వచ్చి మూగనోము పట్టినదానిలా అయింది. బల్ల కింద చేతులు నలుపుకుంటూ కూర్చుంటే, ఆ రోజు పాఠం మొదలయ్యే ముందు మాస్టారు బోర్డు తుడుస్తూ, వీపు ఇటే ఉంచి, హఠాత్తుగా తెలుగులో అన్నారు, ఊరినుంచి ఫోన్లు వస్తున్నాయా అమ్మా, సెటిలయ్యావా అని అడుగుతున్నారా అని. వేరే దేశంలో, సుద్దపొడి మధ్య, తన భాష వినపడగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూడనట్టే తుడుస్తూ, "నన్నూ పదిహేడేళ్ల నుంచి అడుగుతున్నారు. మన మట్టి చదువులో సెటిలవడమంటే కుంగిపోవడం కదా. అవుతున్నానండీ, ఏడాదికి రెండు మిల్లీమీటర్లు అని చెప్తుంటాను" అన్నారు. ఏడుపులో నవ్వు వచ్చి ముక్కు చీదుకోవలసి వచ్చింది. అప్పుడు ఇటు తిరిగారు. "కుంగితే భయం లేదమ్మా. అన్ని పక్కలా సమంగా కుంగు. ఒక పక్కే కుంగితే గోడలు బీటలిస్తాయి." ఈ చదువు మొత్తంలో అంతకు మించిన సూత్రం ఆమెకు ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పదకొండో నిమిషం. కత్తెరాయన ఫారం మీద ఒక టిక్కు పెట్టాడు. పిల్లలు రాసుకుంటున్నారు, లేదా రాసుకుంటున్నట్టు ఉన్నారు. మాస్టారి మాటలు ఒకదాని తోక ఒకటి తొక్కుతూ వస్తుంటే వాళ్ల పెన్నులు గసపోస్తున్నాయి. మొదటి వరస చివర నీలం స్వెట్టరు పిల్ల పెన్ను అసలు కదలడం లేదు. ఆ పిల్ల కూడా ఎక్కడినుంచో వచ్చినదే, వేరే దేశం, వేరే భాష, అదే మూగనోము. పోయిన బుధవారం గదికి వచ్చి, తలుపు సగమే తీసి, కోర్సు మానేసే ఫారం మీద సంతకం కావాలంది. ఎందుకని అడిగితే ఫోన్ తీసి కోర్సు పేజీలో పెట్టిన నమూనా ముక్క చూపించింది. మాస్టారు ప్రశ్న అడుగుతారు, అడగడం పూర్తయీ కాకముందే ఒక విద్యార్థిని గొంతు టకటకా జవాబు చెప్పేస్తుంది. ఈ అమ్మాయికి అంత తొందరగా ఎలా తెలిసింది, నాకైతే ప్రశ్న అర్థం కావడానికే నిమిషం పడుతుంది, నేను ఈ చదువుకు సరిపోను, అంది. అదే ముక్కను కత్తెరాయన సమావేశంలో కూడా వినిపించాడు. ఎవరో గాని మెరుపు, విద్యార్థి అంటే అలా ఉండాలి అన్నాడు. ఆ మెరుపు అదే బల్ల దగ్గర, ఆయనకు మూడు కుర్చీల అవతల, గొంతులో బిస్కెట్టు అడ్డం పడి దగ్గుతోంది. అది ఆమె గొంతే. పదకొండేళ్ల కిందటిది. నీళ్లు నమిలిన చోట్లు, నసిగిన చోట్లు అన్నీ యంత్రం చెక్కేసింది గనక ఎవరూ గుర్తు పట్టలేదు. మెరుపు అనిపించుకున్నాక కాదనడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే రెండు రోజులు లోలోపల మెరిసింది కూడా. నీలం స్వెట్టరు పిల్లకు సైతం చెప్పలేదు. సంతకానికి వచ్చే వారం శుక్రవారం రమ్మంది. రేపే శుక్రవారం. ఆ ఫారం ఇప్పుడు సంచిలో ఉంది. సంచి కాళ్ల దగ్గర ఉంది. ఫారాలు కాగితాలే గాని ఒక్కోటి ఎంత ఊపిరి తీసుకుంటుందో.

యాభై మూడు సెకన్లు. పూర్తి రికార్డు నిన్న మళ్లీ పెట్టుకుని గడియారం దగ్గర పెట్టుకుని చూసింది. ఆయన ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఉన్నవి యాభై మూడు సెకన్లు. అప్పట్లో యుగాల్లా ఉన్నాయి. ఆయన అడిగారు, చేతులు వెనక కట్టుకున్నారు, ఆగారు. ఎవరూ పలకలేదు. ఆగారు. ఎవరో కుర్చీ కిర్రుమనిపించారు. ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు, సూచన ఇవ్వలేదు, ఆమె వైపు చూడనైనా చూడలేదు. వర్షం ఆగేదాకా చూరు కింద నిలబడ్డ మనిషిలా తీరిగ్గా నిలబడ్డారు. వెనక ఉన్న అద్దాల బీరువాలో మాత్రం ఆయన వేళ్లు కనిపిస్తున్నాయి, బొటనవేలు ఒక్కో కణుపు మీదా నడుస్తోంది. లెక్కపెడుతున్నారు. అంత నిశ్చింతగా కనిపిస్తున్న మనిషి వీపు వెనక వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడని తెలిసిన క్షణాన ఆమెకు భయం పోయింది. వాక్యం తెలుగులో కట్టుకుంది, విప్పింది, వాళ్ల భాషలో కట్టుకుంది, ఒక ముడి తప్పుగానే పడింది, అయినా పలికింది. ఈ భాషలో ఆమె నలుగురిలో పలికిన మొదటి వాక్యం అది.

ఆ ఆగడం ఎక్కడినుంచి వచ్చిందో చాలా ఏళ్ల తరవాత, ఆమె పరిశోధన ముగిసిన రోజున, నవ్వుతూ చెప్పారు. కొత్తలో ఆయనదీ అదే అవస్థ. మాట వెతుక్కోవడానికి పాఠం మధ్యలో ఆగిపోయేవారు. వారం వారం పిల్లలు చీటీల మీద వేసే మార్కుల్లో పచ్చ మొహాలు రావాల్సిన చోట అన్నీ ఎర్ర మొహాలే. ఈయన నత్త, ఈయన పాఠం నిద్రమాత్ర. కాగితం పొడిగింపు ఆ మొహాలు చూసి ఇచ్చేవారు. పొడిగింపు పొడిగింపు అంటూ మనిషిని పొడి చేస్తారమ్మా అనేవారు. ఇంకొకరైతే వేగంగా మాట్లాడటం నేర్చుకునేవాళ్లు, లేదా కాగితం మీద రాసుకొచ్చి అప్పజెప్పేవాళ్లు. ఈయన ఏం చేశారు? ఎక్కడ మాట తడబడుతుందో ఆ చోటుకు సరిగ్గా ముందు పిల్లలను ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. ఆయనకు మాట దొరికేదాకా వాళ్లు ఆలోచిస్తుంటారు. ఇద్దరికీ పని. తన లోటును తీసుకెళ్లి వాళ్లకు చోటుగా ఇచ్చారు. నాలుగేళ్లకు ఈ భాష ఆయన నాలుక మీద నీళ్లలా ఆడుతోంది, ఆగవలసిన పని లేదు, అయినా ఆగడం మానలేదు. అప్పటికే పిల్లలు ఆ ఖాళీలో మాట్లాడటం మరిగారు. వేరే ఏ తరగతిలోనూ నోరు విప్పనివాళ్లు ఈయన తరగతిలో విప్పేవారు. అందుకే ఈ ఊళ్లో ఉన్న నలుగురైదుగురు తెలుగువాళ్లం ఆయన్ని కామా మాస్టారు అనేవాళ్లం అని ఆమె ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. మిగతా మేధావులందరూ ఫుల్‌స్టాపులు. వాళ్ల తరవాత ఎవరికీ ఏమీ మిగలదు.

పంతొమ్మిదో నిమిషం. ఆయనకు మాత్రం ఏం మిగిల్చారు? ఇరవై నాలుగేళ్లు సహాయాచార్యుడు. సహాయం ఎక్కువ, ఆచార్యత్వం తక్కువ. నాలుగేళ్ల కిందట కోర్సులు పాత రికార్డుల మీదికి ఎక్కాయి, ఆయన పొడిగింపు రికార్డుకు ఎక్కలేదు. ఎవరిమీదా చిందులు తొక్కలేదు. యాభై ఎనిమిదో ఏట పెట్టె సర్దుకుని మూడో దేశం వెళ్లి, మూడో భాషలో, అక్షరాల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టారు. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే అక్కడ భాషా తరగతికి వెళ్లే తొందరలో ఉన్నారు, తన మనవళ్ల వయసు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని క్రియాపదాలు వల్లెవేస్తారట. "ఇక్కడ మళ్లీ మొదటికొచ్చానమ్మా. ప్రశ్న అడిగి రెండేసి నిమిషాలు ఆగుతున్నా. మహా జ్ఞాని అనుకుంటున్నారు నన్ను." ఆమెకు నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే అన్నీ చెప్పేసింది. కత్తిరింపు, మూడేళ్లు, ఇంటాయన, మెరుపు, నీలం స్వెట్టరు, ముట్టుకోకూడని మీట. ఏం చెయ్యమంటారు అని అడిగింది. అవతల చప్పుడు లేదు. గడియారం కొట్టుకుంటోంది, అవతల గదిలోదో ఇవతల గదిలోదో తెలియదు. "మాస్టారూ, లైన్లో ఉన్నారా?"

"ఉన్నానమ్మా. నువ్వు చెప్తావని చూస్తున్నా."

ఆమె ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. చివరికి ఆయనే బస్సుకు వేళయిందంటూ, పెట్టేసే ముందు, ఏదో పెన్ను ఎక్కడ పెట్టానో అన్నంత మామూలుగా అన్నారు. "నా గొంతు వాళ్లకిచ్చేశాను, సంతకం కూడా పెట్టాను, అది వాళ్లది. ఆగడం గురించి ఆ కాగితంలో ఏమీ రాయలేదు. అది నీ దగ్గరే ఉంది, చూసుకో."

ఇరవై మూడు. చూసుకో అంటే జాగ్రత్త అనా, వెతుక్కో అనా? ఆయనతో ఇదే తంటా, ఏ మాటా ఒక్క అర్థంతో ఇంట్లోకి రాదు. తెర మీద ఇసుక కథ అయిపోయింది. బరువు పెట్టగానే ఇసుక కుంగవలసినంతా ఆ రోజే కుంగి ఊరుకుంటుంది. ఇక బంకమట్టి. కత్తెరాయన రెండో పేజీ తిప్పాడు. ఇంటాయన ఈ పాటికి ఆఫీసులో ఫోన్ బోర్లించి, నిమిషానికోసారి తిప్పి చూసుకుంటూ ఉంటాడు. గొప్పవాడు, మూడేళ్లుగా తన చదువుకు తగని పని చేస్తూ నోరెత్తడు, ఒక్క గంట చేతులు కట్టుకోమన్నాడు, అంతేగా అడిగింది. మేకులు. పాప బడి. చేతులు కట్టుకునే ఉంది. చూడండి, కట్టుకునే ఉంది. నీలం స్వెట్టరు పిల్ల తెర వైపు కాకుండా తన పుస్తకం వైపు చూస్తోంది, రాబోయేది ఏమిటో ఆ పిల్లకు తెలుసు, వంద సార్లు చూసి ఉంటుంది ఆ ముక్క. ఆ మెరుపు వచ్చి మళ్లీ తన నెత్తిన పడుతుందని భుజాలు దగ్గరికి లాక్కుంటోంది.

ఇరవై అయిదు. కాళ్లు ముందు లేచాయి, ఆమె తరవాత లేచింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య యంత్రం మిగిల్చింది అర సెకను. వేలు ఆ సందులో పడాలి. ముందు పడితే ప్రశ్న తెగుతుంది, వెనక పడితే మెరుపు మెరుస్తుంది. పదకొండేళ్లుగా ఆ ప్రశ్న ఆమెకు ప్రార్థనలా కంఠతా వచ్చు. రెండు అడుగులు. బల్ల. మీట. వెనక వరసలో తల పైకి లేవడం కంటి కొసకు తెలిసింది. తెర మీద మాస్టారు అంటున్నారు, అదే బరువు, అదే రోజు, ఇసుక ఆ పూటే కుంగి ఊరుకుంది, బంకమట్టి పదేళ్లయినా ఇంకా కుంగుతూనే ఉంది. ఎందుకు?

నొక్కింది.

మాస్టారు నోరు కొద్దిగా తెరిచి, కనుబొమలు ఎత్తి, అలా నిలబడిపోయారు. నాలుగేళ్లలో మొదటిసారి ఈ గదిలో ఆయన ఆగారు. ఆమె పిల్లల వైపు తిరిగింది. ఏమీ చెప్పలేదు. చెబితే అది ప్రసంగం అవుతుంది. అయిదు. ఆరు. పిల్లలు తెర చెడిపోయిందనుకున్నారు, ఒకడు పక్కవాడి ఫోన్ చూశాడు, ఇంటర్నెట్ పోయిందా అని. పదకొండు. చెడిపోలేదని, ఆమె కావాలనే నిలబడిందని ఒక్కొక్కరికే తెలుస్తోంది, ఒక్కొక్క పెన్నే కింద పెడుతున్నారు. ఇరవై. కత్తెరాయన సగం లేచాడు. మూడేళ్లు అదిగో వెళ్లిపోయాయి, తలుపు తీసుకుని, చప్పుడు చెయ్యకుండా, మంచి మర్యాద ఉన్న మూడేళ్లు. భయం వెయ్యవలసిన చోట ఆమెకు ఎందుకో మాస్టారి కోటు మోచేతులు గుర్తొచ్చాయి. ఇరవై నాలుగేళ్లు ఇలాగే నిలబడ్డారా ఈయన, వారం వారం, ఎర్ర మొహాల ముందు, కాళ్ల కింద కాగితం కదులుతుంటే, మొహాన వర్షం ఆగనీ అన్నట్టుగా? ఇది ఎంత బరువో నిలబడితే గాని తెలియలేదు. ముప్పై ఒకటి. తన చేతులు వీపు వెనక ఉన్నాయని, బొటనవేలు కణుపుల మీద నడుస్తోందని అప్పుడు గమనించింది. అద్దాల బీరువా ఇంకా అక్కడే ఉంది. చూసేవాళ్లు చూస్తారు.

నలభై. వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. పెన్ను వేళ్ల మధ్యనే ఉంది, టిక్కు పెట్టవలసిన పెన్ను. కత్తెరాయన మళ్లీ కూర్చున్నాడు, నుదురు ముడిచి, మోకాలి మీద ఫారం జారి కింద పడినా చూసుకోకుండా, బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. ప్రశ్న ఆయన్ని కూడా కరిచింది. పాపం, జవాబు దొరికినట్టే ఉంది, మొహం వెలుగుతోంది. ఆమె ఆయన వైపు చూసి, నవ్వు దాచుకుని, కొంచెం ఆగండి అన్నట్టు అరచెయ్యి చూపించింది. ఆయన ఆగాడు. నలభై ఆరు. మొదటి వరస చివర నీలం స్వెట్టరు మోచెయ్యి బల్ల మీద నుంచి లేచింది, మళ్లీ ఆనింది, మళ్లీ లేచింది. ఆ పిల్ల పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. కడుతోంది. విప్పుతోంది. మళ్లీ కడుతోంది. యాభై మూడు దాటింది, యాభై ఎనిమిది, ఆమె లెక్కపెట్టడం ఆపేసింది.

"నీళ్లు" అంది ఆ పిల్ల. ఆగింది. ఎవరూ కదల్లేదు. "మట్టిలో నీళ్లు ఉంటాయి కదా. వాటికి బయటికి దారి..." మళ్లీ ఆగింది, మాట కోసం కిటికీ వైపు చూసింది, ఎనభై మందీ ఆ పిల్లతో పాటు కిటికీ వైపు చూశారు, వెనక వరసలో ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దిగింది.